స్టాటిక్ రూట్: వెళ్ళే దారి రాశాం, వచ్చే దారి ఎవరు రాస్తారు?

ఈ ఎపిసోడ్ రూటర్ మీద స్టాటిక్ రూట్ ఇవ్వడం గురించి. కమాండ్ చూస్తే ఒక్క లైను. అది చెప్పి వెళ్ళిపోవాలంటే రెండు నిమిషాల వీడియో చాలు. కానీ నాకొచ్చే మెసేజుల్లో ఎక్కువ వినబడే మాట "అన్నా, రూట్ ఇచ్చాను, అయినా పింగ్ పోవట్లేదు". అందుకే ఈ ఒక్క లైను మీద కాస్త తీరిగ్గా కూర్చుందాం.

ముందే ఒక మాట. వీడియోలో స్క్రీన్ మీద కనబడే కమాండ్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు మీరు ఇంగ్లీషులోనే కొట్టాలి, అది వేరే చెప్పక్కర్లేదు.

మొన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. బీటెక్ అయిపోయింది, నెట్‌వర్క్ సపోర్ట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళాడు. కాగితం మీద రెండు రూటర్ల బొమ్మ గీసి రూట్ కమాండ్ రాయమన్నారట. తప్పు లేకుండా రాశాడు. తర్వాత అడిగారు: "ఒక రూటర్లోనే రూట్ ఇచ్చి రెండోదాంట్లో ఇవ్వకపోతే ఏమవుతుంది?" "పింగ్ రాదు సార్" అన్నాడు. "సరే, ప్యాకెట్ ఎక్కడ పోయింది?" "మొదటి రూటర్ దగ్గరే సార్." ఆ తర్వాత ఇంకో ప్రశ్న అడగలేదట. "అన్నా, నేను చెప్పినదాంట్లో తప్పేంటి?" అని నన్ను అడిగాడు.

తప్పేంటో మనమే చేసి చూద్దాం. ప్యాకెట్ ట్రేసర్ ఉంటే తెరిచి పక్కన పెట్టుకోండి.

ఒక ఉదాహరణ అనుకుందాం. విజయవాడలో మందుల హోల్‌సేల్ షాపు, గుంటూరులో దాని బ్రాంచి. బిల్లింగ్ సర్వర్ విజయవాడలో ఉంది. గుంటూరు కౌంటర్లో కూర్చున్న అమ్మాయి బిల్లు కొట్టాలంటే ఆ సర్వర్ అందాలి. సర్వర్ అందకపోతే బిల్లు లేదు, బిల్లు లేకపోతే సరుకు ఆటో ఎక్కదు, బయట మెడికల్ షాపు కుర్రాళ్ళు నిలబడే ఉంటారు. నెట్‌వర్క్ వాడికి ఫోన్ వచ్చేది అప్పుడే.

అడ్రసులు ఇవి. విజయవాడ లోపలి నెట్‌వర్క్ 192.168.10.0/24. అక్కడి రూటర్ 192.168.10.1, సర్వర్ 192.168.10.5. గుంటూరు లోపలి నెట్‌వర్క్ 192.168.20.0/24. రూటర్ 192.168.20.1, కౌంటర్ పీసీ 192.168.20.5. రెండు రూటర్ల మధ్య లింకు 10.0.0.0/30. అందులో విజయవాడ చివర 10.0.0.1, గుంటూరు చివర 10.0.0.2. స్లాష్ 30 ఎందుకంటే అందులో వాడుకోగలిగే అడ్రసులు రెండే, లింకుకి ఉన్న చివరలు కూడా రెండే. ఈ అడ్రసుల్ని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, చివరిదాకా ఇవే వాడతాను.

ఇంటర్‌ఫేసులకు అడ్రసులు ఇచ్చి నో షట్‌డౌన్ కొట్టాక, గుంటూరు రూటర్లో షో ఐపీ రూట్ అని చూడండి. సి అక్షరంతో మొదలయ్యేవి రెండు కనబడతాయి, తన లోపలి నెట్‌వర్కు, మధ్యలో ఉన్న లింకు. సి అంటే కనెక్టెడ్, తనకు నేరుగా తగులుకుని ఉన్నవి. పక్కన ఎల్ అక్షరంతో తన సొంత అడ్రసులు ఉంటాయి. అంతే. విజయవాడ లోపల 192.168.10.0 అని ఒకటి ఉందన్న సంగతి ఈ రూటర్‌కి తెలియదు. వైరు అటువైపుకే వెళ్తోంది కదా, తెలియకపోవడమేంటి అని చాలామందికి అనిపిస్తుంది. ఎవరైనా చెప్తేనే తెలుస్తుంది. మనం చేత్తో రాసి చెప్తే అది స్టాటిక్ రూట్. రూటర్లు వాటిలో అవే మాట్లాడుకుని తెలుసుకుంటే డైనమిక్ రూటింగ్.

ఇంకో సంగతి. రూటర్‌కి పూర్తి దారి ఎప్పుడూ తెలియదు. ఊళ్ళో దారి అడిగితే "ఆ వేపచెట్టు దాకా వెళ్ళి అక్కడ ఎవర్నైనా అడగండి" అంటారు చూడండి, రూటర్ పని కూడా అంతే. నా తర్వాత ఎవరికివ్వాలి అన్నదొక్కటే దాని ప్రశ్న. ఇచ్చేశాక ఆ ప్యాకెట్ సంగతి దానికి గుర్తుండదు. తిరిగొచ్చే జవాబు ఇంకో కొత్త ప్యాకెట్. "ఇందాక ఇటు నుంచే వెళ్ళింది కదా" అని ఏ రూటరూ అనుకోదు. ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే నడుస్తుంది.

ఇప్పుడు ఏ రూటూ ఇవ్వకుండానే కౌంటర్ పీసీ నుంచి పింగ్ 192.168.10.5 కొట్టండి. పీసీకి ఆ నెట్‌వర్క్ తనది కాదని తెలుసు, కాబట్టి డిఫాల్ట్ గేట్‌వే అయిన 192.168.20.1కి ఇస్తుంది. గుంటూరు రూటర్ టేబుల్ వెతుకుతుంది, దొరకదు, ప్యాకెట్ పడేస్తుంది. ఊరికే పడేయదు, పంపినవాడికి కబురు చెప్తుంది. మీ స్క్రీన్ మీద "రిప్లై ఫ్రమ్ 192.168.20.1: డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అని వస్తుంది. అందులో ఏ అడ్రస్ నుంచి వచ్చిందో చూడండి. 192.168.20.1. అంటే "నేను గుంటూరు రూటర్‌ని, నాకు దారి తెలియదు" అని అదే చెప్తోంది.

ఇప్పుడు గుంటూరు రూటర్లో ఎనేబుల్, కాన్ఫిగర్ టెర్మినల్, తర్వాత ఆ ఒక్క లైను:

ఐపీ రూట్ 192.168.10.0 255.255.255.0 10.0.0.1

మొదటిది వెళ్ళాల్సిన నెట్‌వర్క్, రెండోది దాని మాస్క్, మూడోది మన తర్వాతి రూటర్ అడ్రస్, అదే నెక్స్ట్ హాప్. ఇక్కడ చేతులు తడబడే చోట్లు మూడున్నాయి, త్వరగా చెప్పేస్తాను. నెట్‌వర్క్ చోట సర్వర్ అడ్రస్ 192.168.10.5 రాసి మాస్క్ 255.255.255.0 ఇస్తే, అడ్రసుకీ మాస్కుకీ పొంతన లేదని రూటర్ తిరగ్గొడుతుంది. నెక్స్ట్ హాప్ చోట తన సొంత అడ్రస్ 10.0.0.2 ఇస్తే, అది నేనే కదా అంటుంది. ఈ రెండూ మంచివే, వెంటనే అరుస్తాయి. మూడోది అరవదు. 10.0.0.1 బదులు వేలు జారి 10.0.0.9 కొట్టారనుకోండి, లైను తీసుకుంటుంది, షో రన్నింగ్ కాన్ఫిగ్‌లో కనబడుతుంది కూడా. కానీ 10.0.0.9కి ఎలా వెళ్ళాలో దానికి తెలియదు కాబట్టి రూటింగ్ టేబుల్లోకి ఎక్కించదు. అందుకే రూట్ ఇచ్చాక షో రన్ చూసి తృప్తి పడొద్దు. షో ఐపీ రూట్ చూడండి. ఎస్ అక్షరంతో 192.168.10.0/24, పక్కన బ్రాకెట్లో 1/0, వయా 10.0.0.1 అని కనబడితేనే ఎక్కినట్టు.

ఎక్కింది. మళ్ళీ కౌంటర్ పీసీ నుంచి పింగ్ కొట్టండి.

పోలేదు. కానీ స్క్రీన్ మీద మాట మారింది చూశారా? ఇందాక అన్‌రీచబుల్ అంది. ఇప్పుడు రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అంటోంది. రెండూ ఫెయిలేలే అని వదిలేస్తాం మనం. కానీ ఈ రెండు మాటల మధ్య తేడా తెలిసినవాడు అరగంట పని ఐదు నిమిషాల్లో చేస్తాడు.

ఏం జరిగిందంటే, ప్యాకెట్ గుంటూరు రూటర్ దాటింది. లింకు దాటింది. విజయవాడ రూటర్‌కి 192.168.10.0 సొంత నెట్‌వర్కే, నేరుగా సర్వర్‌కి ఇచ్చేసింది. సర్వర్ అందుకుంది. జవాబు తయారుచేసి 192.168.20.5కి పంపాలని తన గేట్‌వే అయిన విజయవాడ రూటర్‌కి ఇచ్చింది. విజయవాడ రూటర్ టేబుల్ వెతికింది. 192.168.20.0 లేదు. పడేసింది. కబురు కూడా చెప్పింది. ఎవరికి? ఆ ప్యాకెట్ పంపినవాడికి. ఆ ప్యాకెట్ పంపింది ఎవరు? సర్వర్!

ఉత్తరాల కాలం గుర్తు తెచ్చుకోండి. మీరు మావయ్యకి ఉత్తరం రాశారు, చేరింది. మావయ్య జవాబు రాశాడు, ఆ జవాబు చేరలేదు. చిరునామా దొరకలేదని పోస్ట్‌మ్యాన్ ఎవరింటికి తెచ్చిస్తాడు? మావయ్యకే. మీరు మాత్రం గుమ్మంలో ఎదురుచూస్తూనే ఉంటారు. ఆ ఎదురుచూపు పేరే టైమ్డ్ అవుట్.

కాబట్టి ఆ ఇంటర్వ్యూ ప్రశ్నకి జవాబు: వెళ్ళిన ప్యాకెట్ ఎక్కడా పోలేదు, గమ్యం దాకా చేరింది. పోయింది జవాబు, అదీ రెండో రూటర్ దగ్గర. తమ్ముడు కమాండ్ నేర్చుకున్నాడు, ఏ ఇన్‌స్టిట్యూట్లో అయినా అది వారంలో వస్తుంది. వాళ్ళు చూడాలనుకున్నది అవతలి రూటర్ కుర్చీలో కూర్చుని ఆలోచించగలడా లేదా అని. నా దృష్టిలో అది న్యాయమైన ప్రశ్నే, పుస్తకం ప్రశ్న కాదు.

నమ్మకం కుదరకపోతే ప్యాకెట్ ట్రేసర్లో సిమ్యులేషన్ మోడ్ పెట్టి ఒక్కో అడుగూ నొక్కండి. కవరు సర్వర్ దాకా వెళ్ళడం, తిరిగి వస్తూ విజయవాడ రూటర్ దగ్గర ఆగిపోవడం కళ్ళతో చూడొచ్చు.

అయితే టైమ్డ్ అవుట్ అన్న ప్రతిసారీ తిరుగు దారే కారణం అనుకోకండి. విండోస్ ఫైర్‌వాల్ బయటి నుంచి వచ్చే పింగ్‌ని మామూలుగానే ఆపేస్తుంది. కొన్ని ఆఫీసుల్లో రూటర్లు కబురు చెప్పకుండా సెట్టింగ్ పెడతారు. కానీ అన్‌రీచబుల్ వచ్చి, అందులో ఒక రూటర్ అడ్రస్ ఉంటే మాత్రం అది గట్టి ఆధారం, నేరుగా ఆ రూటర్ దగ్గరికే వెళ్ళండి.

ఇప్పుడు ఫీల్డులో అనుభవం ఉన్నవాళ్ళు కూడా తికమకపడే ఒక చోటు. విజయవాడ వైపు రూట్ ఇంకా ఇవ్వలేదు. ఈ స్థితిలో కౌంటర్ పీసీ వదిలేసి, గుంటూరు రూటర్ మీద నుంచే పింగ్ 192.168.10.5 కొట్టండి. పోతుంది! ఐదింటికి నాలుగో ఐదో ఆశ్చర్యార్థకాలు వస్తాయి. మొదటిది చుక్క పడితే కంగారు పడకండి, అది ఏఆర్‌పీ తెలుసుకునే లోపు పోయిన ప్యాకెట్. అప్పుడేం జరుగుతుందంటే, "సార్, రూటర్ నుంచి పింగ్ వస్తోంది, లింకు బాగుంది, సమస్య మీ పీసీలో" అని టికెట్ మూసేస్తారు. కౌంటర్ అమ్మాయి పీసీ రీస్టార్ట్ చేస్తుంది, కేబుల్ మారుస్తుంది, ఫార్మాట్ కూడా చేయిస్తుంది. బిల్లు మాత్రం రాదు.

రూటర్ నుంచి ఎందుకు పోయింది? రూటర్ తను పింగ్ కొట్టేటప్పుడు, ప్యాకెట్ ఏ ఇంటర్‌ఫేస్ నుంచి బయటికి వెళ్తోందో ఆ అడ్రస్‌నే ఫ్రమ్ అడ్రస్‌గా వేస్తుంది. ఇక్కడ 10.0.0.2. సర్వర్ జవాబు 10.0.0.2కి వెళ్ళాలి. అది విజయవాడ రూటర్‌కి కనెక్టెడ్ నెట్‌వర్క్, రూట్ లేకుండానే తెలుసు. జవాబు వచ్చేసింది. మీరు పరీక్షించింది లింకుని, కౌంటర్ నుంచి సర్వర్‌కి ఉన్న దారిని కాదు.

దీనికి మందు కూడా రూటర్లోనే ఉంది. పింగ్ 192.168.10.5 సోర్స్ 192.168.20.1 అని కొట్టండి. ఫ్రమ్ చోట లోపలి నెట్‌వర్క్ అడ్రస్ వేసి పంపుతుంది. ఇప్పుడు ఫెయిలవుతుంది, నిజం బయటపడుతుంది. ఒక్క లైన్లో తీసుకోకపోతే పింగ్ అని మాత్రమే కొట్టి ఎంటర్ నొక్కండి, ఒక్కో ప్రశ్న అడుగుతుంది, ఎక్స్‌టెండెడ్ కమాండ్స్ దగ్గర అవును అంటే సోర్స్ అడుగుతుంది. బ్రాంచి ఆఫీసులో ఉన్న రూటర్‌ని ఇంటి నుంచి చూస్తున్నప్పుడు, అక్కడ పీసీ ముందు ఎవరూ లేనప్పుడు, మీకున్న ఆయుధం ఇదొక్కటే.

సరే, విజయవాడ రూటర్లో రెండో సగం రాద్దాం:

ఐపీ రూట్ 192.168.20.0 255.255.255.0 10.0.0.2

కౌంటర్ నుంచి పింగ్ కొట్టండి. వచ్చింది. రెండు రూటర్లలోనూ రైట్ మెమరీ కొట్టండి. కొట్టకపోతే ఇదంతా ర్యామ్‌లోనే ఉంటుంది, కరెంటు పోయి వచ్చేసరికి రూట్ ఉండదు. మన దగ్గర ఎండాకాలం సంగతి నేను చెప్పాలా?

నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ వాణ్ణి, రూటర్లు తుడిచే పని నాది కాదు. అయినా ఈ రెండు వైపుల గొడవ నన్నూ వదల్లేదు. అమెజాన్ క్లౌడ్‌లో రెండు వీపీసీలని పీరింగ్‌తో కలిపితే, పీరింగ్ యాక్టివ్ అని చూపించినంత మాత్రాన ట్రాఫిక్ నడవదు. రెండు వీపీసీల రూట్ టేబుళ్ళలోనూ ఎదుటివాడి నెట్‌వర్క్ రాయాలి. ఇటు రాసి అటు రాయకపోతే మళ్ళీ అదే టైమ్డ్ అవుట్. డెవలపర్‌గా ఉండి నెట్‌వర్కింగ్ నాకెందుకు అనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక డిఫాల్ట్ రూట్. గుంటూరు బ్రాంచికి బయటికి వెళ్ళే దారి ఒక్కటే కదా, ప్రతి నెట్‌వర్కూ విడిగా రాయడమెందుకు? ఐపీ రూట్ 0.0.0.0 0.0.0.0 10.0.0.1 అంటే చాలు. నాకు తెలియనిదేదైనా విజయవాడకి ఇచ్చేయ్ అని. టేబుల్లో ఎస్ పక్కన నక్షత్రం గుర్తుతో కనబడుతుంది. బ్రాంచిలకు ఇది మంచి పద్ధతి. పది బ్రాంచిలున్నా ఒక్కోదాంట్లో ఒక్క లైను. హెడ్ ఆఫీసులో మాత్రం బ్రాంచికో లైను రాయాల్సిందే.

అక్కడే ఒక చిక్కు. హెడ్ ఆఫీసు రూటర్‌కి కూడా ఇంటర్నెట్ వైపు ఒక డిఫాల్ట్ రూట్ ఉంటుంది. కొత్త బ్రాంచి తెరిచి దాని లైను రాయడం మరిచారనుకోండి. సర్వర్ జవాబుని విజయవాడ రూటర్ ఇప్పుడు పడేయదు. తెలియనివన్నీ ఇంటర్నెట్ వైపు కదా, అటు తోసేస్తుంది. 192.168తో మొదలయ్యేవి ప్రైవేటు అడ్రసులు, ఇంటర్నెట్‌లో వాటికి దారి ఉండదు. సర్వీస్ ప్రొవైడర్ దగ్గర నిశ్శబ్దంగా మాయమవుతుంది. ఇందాకటి కబురు సర్వర్‌కైనా వచ్చేది, ఇప్పుడు అదీ ఉండకపోవచ్చు. టేబుల్లో దారి ఉండటం వేరు, సరైన దారి ఉండటం వేరు.

ఇంకా పెద్ద చిక్కు, రెండు రూటర్లలోనూ డిఫాల్ట్ రూట్ ఒకదానివైపు ఒకటి పెట్టడం. ఎవరికీ తెలియని అడ్రస్‌కి ప్యాకెట్ వచ్చిందంటే ఇతను అతనికి, అతను ఇతనికి. ఆఫీసులో ఫైలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి తిరిగినట్టు తిరుగుతుంది. కాకపోతే ప్యాకెట్‌లో టీటీఎల్ అని ఒక లెక్క ఉంటుంది, ప్రతి రూటర్ దగ్గరా ఒకటి తగ్గి సున్నా అయ్యాక చచ్చిపోతుంది. విండోస్ నుంచి బయల్దేరిన ప్యాకెట్‌కి ఆ లెక్క 128, లైనక్స్‌లో 64. ట్రేస్‌రూట్ కొడితే 10.0.0.1, 10.0.0.2, మళ్ళీ 10.0.0.1 అని అవే రెండు వరుసగా కనబడతాయి. కనబడితే రోగం ఇదే.

మరి డిఫాల్ట్ కూడా ఉంది, స్పష్టంగా రాసిన రూట్ కూడా ఉంది, రూటర్ ఏది తీసుకుంటుంది? మాస్క్ ఎంత పొడవుంటే అంత గెలుస్తుంది. స్లాష్ 24 ఉంటే స్లాష్ 22ని చూడదు, స్లాష్ 0 అయిన డిఫాల్ట్ అందరికంటే చివర. ఈ నియమం ఎంత బలమైందో చెప్పడానికి ఒక నిజ సంఘటన. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్‌లో యూట్యూబ్‌ని ఆపాలని ప్రభుత్వం ఆదేశిస్తే, పాకిస్తాన్ టెలికాం 208.65.153.0/24 తనదని రూట్ ప్రకటించింది. అది దేశం దాటి హాంకాంగ్‌కి చెందిన పీసీసీడబ్ల్యూ ద్వారా బయటికి పొక్కింది. యూట్యూబ్ అసలు ప్రకటన 208.65.152.0/22. స్లాష్ 22 కంటే స్లాష్ 24 పొడవు కదా, ప్రపంచంలో చాలాచోట్ల రూటర్లు యూట్యూబ్ ట్రాఫిక్‌ని పాకిస్తాన్‌కి పంపడం మొదలుపెట్టాయి. సుమారు రెండు గంటల గొడవ. యూట్యూబ్ వాళ్ళు కూడా ముందు స్లాష్ 24, తర్వాత ఇంకా పొడవుగా రెండు స్లాష్ 25లు ప్రకటించి లాక్కోవాల్సి వచ్చింది. అది బీజీపీ కథ, దాన్లోకి ఇప్పుడు వెళ్ళను. నియమం మాత్రం మన మందుల షాపు రూటర్లో ఉన్నదే.

ఒక చిన్న విషయం మధ్యలో. కొందరు నెక్స్ట్ హాప్ అడ్రస్ బదులు ఇంటర్‌ఫేస్ పేరు ఇస్తారు, ఐపీ రూట్, నెట్‌వర్క్, మాస్క్, గిగాబిట్ ఈథర్నెట్ 0/1 అని. సీరియల్ లింకులో పర్వాలేదు, అవతల ఒక్కడే ఉంటాడు. ఈథర్నెట్‌లో అలా ఇవ్వకండి. ఆ నెట్‌వర్క్ మొత్తం తన వైరుకే తగులుకుని ఉందనుకుని రూటర్ ప్రతి అడ్రస్‌కీ ఏఆర్‌పీ అడుగుతుంది. అవతలి రూటర్లో ప్రాక్సీ ఏఆర్‌పీ ఉంటే ఎలాగో నడుస్తుంది, ఎవరైనా దాన్ని ఆపేసిన రోజు ఆగిపోతుంది. అడ్రస్ ఇవ్వండి, లేదా ఇంటర్‌ఫేసూ అడ్రసూ రెండూ ఇవ్వండి.

ఇప్పుడు బ్యాకప్ లింకు. షాపు ఓనరు రెండో లైను కూడా పెట్టించాడు, 10.0.1.0/30, విజయవాడ చివర 10.0.1.1, గుంటూరు చివర 10.0.1.2. ఇది మామూలుగా ఊరుకోవాలి, మొదటిది పోతేనే పనిచేయాలి. ఇందాక బ్రాకెట్లో 1/0 చూశాం కదా, ఆ 1 అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్. ఎంత తక్కువైతే అంత నమ్మకం. కనెక్టెడ్‌కి 0, స్టాటిక్‌కి 1, ఓఎస్‌పీఎఫ్‌కి 110. గుంటూరు రూటర్లో బ్యాకప్ లైను చివర మనమే పెద్ద సంఖ్య ఇద్దాం:

ఐపీ రూట్ 192.168.10.0 255.255.255.0 10.0.1.1 200

దీన్ని ఫ్లోటింగ్ స్టాటిక్ అంటారు. మొదటి రూట్ టేబుల్లో ఉన్నంతవరకూ ఇది కనబడదు. గుంటూరు రూటర్లో మెయిన్ ఇంటర్‌ఫేస్ షట్‌డౌన్ కొట్టి చూడండి, ఇది పైకి వస్తుంది. విజయవాడలో కూడా ఇలాంటిదే 10.0.1.2 వైపు రాయాలి.

ల్యాబ్‌లో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అసలు షాపులో చాలాసార్లు పనిచేయదు. ఎందుకంటే ల్యాబ్‌లో మీరు రూటర్ పక్కనున్న వైరు పీకుతారు. బయట వైరు తెగేది రోడ్డు తవ్వే జేసీబీ దగ్గర. రూటర్ నుంచి గోడ మీదున్న మీడియా కన్వర్టర్ దాకా కేబుల్ బాగానే ఉంటుంది, పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది, ఇంటర్‌ఫేస్ అప్‌లోనే ఉంటుంది. స్టాటిక్ రూట్‌కి అంతకు మించి చూపు లేదు. మెయిన్ రూట్ టేబుల్లో అలాగే కూర్చుని ప్యాకెట్లన్నీ తెగిన వైరులోకి పంపుతుంది. నెలనెలా డబ్బు కట్టే బ్యాకప్ లైను పక్కనే ఖాళీగా ఉంటుంది.

దీనికి సిస్కోలో ఐపీ ఎస్ఎల్ఏ ఉంది. రూటర్ పది సెకన్లకోసారి అవతలి చివరని పింగ్ చేసి, జవాబు రాకపోతే రూట్‌ని తీసేస్తుంది. గుంటూరులో ఐపీ ఎస్ఎల్ఏ 1, దాని లోపల ఐసీఎంపీ ఎకో 10.0.0.1, ఫ్రీక్వెన్సీ 10. బయటికొచ్చి ఐపీ ఎస్ఎల్ఏ షెడ్యూల్ 1 లైఫ్ ఫరెవర్ స్టార్ట్ టైమ్ నౌ. తర్వాత ట్రాక్ 1 ఐపీ ఎస్ఎల్ఏ 1 రీచబిలిటీ. చివరగా పాత రూట్‌ని నో పెట్టి తీసేసి, అదే లైను చివర ట్రాక్ 1 చేర్చి మళ్ళీ ఇవ్వండి. దీన్ని జీఎన్ఎస్3లో గానీ అసలు రూటర్ మీద గానీ చేసి చూడండి.

పింగ్ చేసే అడ్రస్ మాత్రం ఆలోచించి ఎంచుకోండి. మనకు కావాల్సింది సర్వరే కదా, సర్వర్నే పింగ్ చేద్దాం అనిపిస్తుంది. చేస్తే ఏమవుతుందో చూడండి. మెయిన్ తెగింది, పింగ్ ఫెయిల్, రూట్ తీసేసింది, బ్యాకప్ వచ్చింది. ఇప్పుడు అదే పింగ్ బ్యాకప్ మీదుగా సర్వర్‌కి చేరి జవాబు తెస్తుంది. "ఆహా, బాగుపడింది" అని మెయిన్ రూట్‌ని మళ్ళీ పెడుతుంది. వెంటనే ఫెయిల్. కౌంటర్లో బిల్లు ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. అసలు రాకపోవడం కంటే ఇది ఘోరం, ఎవరికీ చెప్పి ఒప్పించలేం. 10.0.0.1 అయితే ఆ మెయిన్ లింకుకే చెందిన అడ్రస్, పింగ్ ఆ దారినే వెళ్తుంది, మెయిన్ నిజంగా బాగైతేనే జవాబు వస్తుంది.

ఇదంతా ఒక్క గుంటూరులో చేసి ఊరుకుంటే? గుంటూరు చక్కగా బ్యాకప్‌కి మారుతుంది, ప్యాకెట్ సర్వర్‌కి చేరుతుంది. విజయవాడ రూటర్ దృష్టిలో మెయిన్ ఇంటర్‌ఫేస్ ఇంకా అప్‌లోనే ఉంది. జవాబుని తెగిన వైరులోకే పంపుతుంది. స్క్రీన్ మీద ఏం వస్తుందో మీరే చెప్పండి. ట్రాక్ రెండు చివర్లా ఉండాలి.

స్టాటిక్ ఎక్కడిదాకా వాడాలి అంటే, నా లెక్క ఇది. ప్రతి రూటర్ వెనక ఒక నెట్‌వర్క్ ఉండి, డిఫాల్ట్ రూట్లు వాడకుండా అన్నీ విడిగా రాస్తే, మూడు రూటర్లకు ఆరు లైన్లు, పది రూటర్లకు తొంభై. తొంభై లైన్లు చేత్తో రాయడం కాదు కష్టం, ఒక నెట్‌వర్క్ అడ్రస్ మారిన రోజు తొమ్మిది చోట్ల మార్చడం కష్టం. ఒక హెడ్ ఆఫీసు, చుట్టూ బ్రాంచిలు అయితే స్టాటిక్ హాయి. బ్రాంచిలు ఒకదానితో ఒకటి కూడా కలుస్తుంటే ఓఎస్‌పీఎఫ్‌కి వెళ్ళిపోండి.

ఈ వారానికి ఒక పని ఇస్తున్నాను. మూడు రూటర్లు వరుసగా పెట్టండి: విజయవాడ, గుంటూరు, గుంటూరు అవతల తెనాలి. తెనాలి లోపల 192.168.30.0/24, గుంటూరు తెనాలి లింకు 10.0.0.4/30. అన్ని రూట్లూ ఇచ్చి విజయవాడ పీసీ నుంచి తెనాలి పీసీకి పింగ్ వచ్చేలా చేయండి. తర్వాత మధ్యలో ఉన్న గుంటూరు రూటర్లో మాత్రమే ముట్టుకోండి. మొదట తెనాలి నెట్‌వర్క్ రూట్ తీసేసి పింగ్ చూడండి. దాన్ని తిరిగి పెట్టి, ఈసారి విజయవాడ నెట్‌వర్క్ రూట్ తీసేసి చూడండి. రెండుసార్లూ ప్యాకెట్ పడిపోయేది ఆ ఒక్క రూటర్లోనే, స్క్రీన్ మీద మాటలు మాత్రం వేరు. ఎంటర్ నొక్కే ముందే ఏ మాట వస్తుందో, ఏ అడ్రస్ నుంచి వస్తుందో కాగితం మీద రాసి, తర్వాత నొక్కండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇదే మూడు రూటర్ల మీద ఓఎస్‌పీఎఫ్ పెడదాం, ఫైల్ సేవ్ చేసి ఉంచుకోండి. ఉంటాను మరి.